ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్ (1964): కథ కురొసావాది. మరి లియోనే సొంతం ఏది?

ఎర్రమట్టి

ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనే పేరెత్తగానే మనమందరం ‘ద గుడ్, ద బ్యాడ్ అండ్ ది అగ్లీ’ మీద పడిపోతాం. అందుకే ఆ వరసలో మొదటి సినిమాకి విడిగా థ్రెడ్ వేస్తున్నా. కథ చివరిదాకా మాట్లాడతాను కాబట్టి చూడనివాళ్లు చూసొచ్చి చదవండి.

అమెరికా, మెక్సికో సరిహద్దులో శాన్ మిగేల్ అనే ఊరు. అటు చివర బాక్‌స్టర్లు, ఇటు చివర రోహో అన్నదమ్ములు. తుపాకుల మీద, సారా మీద బతికే రెండు ముఠాలు. కంచరగాడిద ఎక్కి ఒక పరాయివాడు వస్తాడు. ఇద్దరి దగ్గరా డబ్బు తీసుకుంటాడు, ఇద్దర్నీ కొట్టుకు చచ్చేలా చేస్తాడు, వెళ్లిపోతాడు. పేరు చెప్పడు. శవపేటికలు చేసే ముసలాయన పిరిపెరో ‘జో’ అని పిలుస్తాడు, అంతే.

ఇది జపాన్ దర్శకుడు అకిరా కురొసావా ‘యోజింబో’ (1961) కథ. దాని మీద వాదన అక్కర్లేదు. ‘యోజింబో’ తీసిన తోహో కంపెనీ దావాకి దిగితే చివరికి ప్రపంచ వసూళ్లలో 15 శాతం, జపాన్, తైవాన్, దక్షిణ కొరియాల్లో పంపిణీ హక్కులు ఇచ్చి రాజీ చేసుకున్నారు. 1964లో ఇటలీలో ఆడిన సినిమా అమెరికా తెరకి 1967లో గానీ ఎక్కకపోవడానికి ఆ గొడవ కూడా ఒక కారణం.

నేనడిగేది వేరు. కథంతా పరాయిదైనా, ‘యోజింబో’ చూసొచ్చినవాళ్లకి కూడా ఇది కొత్తగా తగులుతుంది. ఎందుకు?

నా జవాబు మొదటి అయిదు నిమిషాల్లోనే ఉంది. పరాయివాడు ఊరి బయట బావి దగ్గర ఆగి నీళ్లు తాగుతుంటాడు. ఎదురింట్లో నిర్బంధంలో ఉన్న తల్లిని చూడ్డానికి ఒక పసివాడు కిటికీలోంచి దూరతాడు. కాపలావాడు వాణ్ని బయటికి తన్ని, కాళ్ల దగ్గర తుపాకీ పేలుస్తాడు. అడ్డొచ్చిన తండ్రిని చితకబాదుతాడు. ఆ తల్లి కిటికీ ఊచల్లోంచి మన పరాయివాణ్ని చూసి తలుపు వేసేస్తుంది. అతను నీళ్లు తాగడం ముగించి వెళ్లిపోతాడు. అప్పటిదాకా హాలీవుడ్ పెంచిన ఏ హీరో అయినా అక్కడే తుపాకీ తీసేవాడు. ఇతను తీయడు. సినిమా సగం దాటాక మాత్రం అదే తల్లి కోసం కాపలావాళ్లందర్నీ చంపి, ఆ కుటుంబం చేతిలో డబ్బు పెట్టి సరిహద్దు దాటించేస్తాడు. మధ్యలో ఏం మారింది? మనకి చెప్పరు. లియోనే సొంతం ఈ చెప్పకపోవడమే అంటాను.

---

మిఫునే_భక్తుడు

ఎర్రమట్టి గారూ, మీరు లియోనేకి రాసిచ్చిన ఆస్తి కూడా కురొసావాదేనండీ.

‘యోజింబో’లో హీరో సంజురోకి పేరెక్కణ్నుంచి వచ్చింది? ఎవరు నువ్వు అని అడిగితే బయట కనబడుతున్న మల్బరీ తోట చూసి అప్పటికప్పుడు ఒక పేరు అల్లి చెబుతాడు. గతం గురించి ఒక్క ముక్క లేదు. జూదంలో పోగొట్టుకున్న రైతు భార్యను విడిపించే ఘట్టం అక్కడా ఉంది. తనకొచ్చిన డబ్బంతా వాళ్లకే ఇచ్చేస్తాడు. వాళ్లు కాళ్ల మీద పడి ఏడుస్తుంటే విసుక్కుంటాడు, ముందు పొండి అని గద్దిస్తాడు. ఎందుకు చేశాడో ఒక్క మాట చెప్పడు. ఆ తర్వాత వాళ్లు కృతజ్ఞతతో పంపిన ఉత్తరం శత్రువు చేతిలో పడి అతని ప్రాణం మీదికి వస్తుంది. చేసిన మంచి వల్లే దెబ్బలు తింటాడు. ఎంత గొప్ప అల్లిక అది!

లియోనే ఆ ఉత్తరాన్ని తీసేశాడు. పైగా కారణం కూడా చెప్పించాడు. మాకోసం ఎందుకిదంతా అని ఆ తల్లి మరిసోల్ అడిగితే, నీలాంటామె ఒకరిని ఎరుగుదును, ఆ రోజు సాయానికి ఎవరూ లేకపోయారు అంటాడు పరాయివాడి వేషం వేసిన క్లింట్ ఈస్ట్‌వుడ్. చెప్పకుండా ఉన్నది కురొసావా, చెప్పింది లియోనే. మీ వాదన తిరగబడింది కదా.

కురొసావా లియోనేకి ఉత్తరం రాశారంటారు: మీ సినిమా బాగుంది, కానీ అది నా సినిమా అని. ఆ ఒక్క మాటతో ఈ థ్రెడ్ ముగించేయొచ్చు :)

---

ఓరుగల్లు_పోరడు

అన్నా, ముగించకుండ్రి, ఇప్పుడే షురువైంది. నాకొక డౌటు. రెండు ముఠాల నడుమ ఒక్కడు దూరి ఇద్దరినీ ఖతం చేసే కథ కురొసావా కూడా అమెరికా నవల్లకెళ్లే తెచ్చుకున్నడంటరు కద? డాషియెల్ హామెట్ ‘రెడ్ హార్వెస్ట్’. అది 1929ల వచ్చింది. అండ్ల కూడా డిటెక్టివ్‌కు పేరుండదు.

---

మిఫునే_భక్తుడు

పోలిక ఉంది తమ్ముడూ, కాదనను. లియోనే వైపువాళ్లు ఇంకా వెనక్కి వెళ్లి, 18వ శతాబ్దపు ఇటలీ నాటకకర్త గోల్డోనీ రాసిన, ఇద్దరు యజమానులకి ఒకే నౌకరు ఉండే ప్రహసనాన్ని కూడా పట్టుకొచ్చారు. కానీ శవపేటికల ముసలాయన, సారాకొట్టు యజమాని, తన్నులు తిన్నాక దాక్కుని కోలుకోవడం, ఇవన్నీ వరసగా హామెట్‌లోనూ గోల్డోనీలోనూ దొరకవు. ‘యోజింబో’లోనే దొరుకుతాయి.

---

ఎర్రమట్టి

మిఫునే గారూ, ఆ ఒక్క వాక్యం గురించే మాట్లాడదాం, నా వాదన నిలబడేది అక్కడే.

స్క్రిప్టులో ఆ చోట పెద్ద వివరణ ఉండేదని, దాన్ని కత్తిరించమని లియోనేని తానే ఒప్పించానని ఈస్ట్‌వుడ్ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పారు. మిగిలింది ఆ ఒక్క ముక్క. అది వినగానే మీకేం తెలిసింది? ఆమె ఎవరు? తల్లా, భార్యా, అక్కా? ఏమైంది? అతను అప్పుడు పసివాడా, ఆ కిటికీలోంచి దూరిన పిల్లాడిలాంటివాడా? బావి దగ్గర కదలకుండా నిలబడిందీ ఆ పాత గాయం వల్లేనా? సంజురోకి గతం ఉందన్న ఆలోచనే మనకి రాదు, అతను అలా గాల్లోంచి ఊడిపడ్డాడంటే ఒప్పేసుకుంటాం. జో విషయంలో గతం ఉందని తెలుసు, అది మనకి దక్కదనీ తెలుసు. ఈ రెండూ వేర్వేరు అనుభవాలు. రెండోది లియోనే–ఈస్ట్‌వుడ్‌లది.

దీనికి పెద్ద సాక్ష్యం అమెరికా టీవీ వాళ్లే సృష్టించారు. 1970ల్లో ఏబీసీ చానల్ ఈ సినిమా వేసేటప్పుడు, హీరో ఏ నీతీ లేకుండా ఇంతమందిని చంపితే ఇళ్లలో చూసేవాళ్లకి ఎలా అని బెంగపడి, ముందు ఒక సన్నివేశం కొత్తగా తీయించి అతికించారు. మాంటె హెల్‌మన్ దర్శకుడు. హ్యారీ డీన్ స్టాంటన్ జైలు అధికారిగా వస్తాడు. శాన్ మిగేల్‌లో ముఠాల్ని తుడిచిపెట్టు, నీకు క్షమాభిక్ష ఇస్తాం అంటాడు. ఖైదీగా ఈస్ట్‌వుడ్ లేడు, పోంచో (మెడలోంచి వేసుకునే దుప్పటి) కప్పుకుని టోపీ కిందికి దించుకున్న వేరే మనిషి. అది చూశాక అసలు సినిమా చూడండి. బావి దగ్గర అతని మౌనం ప్రభుత్వ ఉద్యోగి మౌనంలా కనిపిస్తుంది. ప్రతి చూపూ చచ్చిపోతుంది. ఒక్క కారణం తగిలించేసరికి సినిమా మొత్తం కూలిపోయిందంటే, కారణం లేకపోవడమే దాని దూలం.

---

ఫోకస్‌పుల్లర్

ఇద్దరూ కథ, మాటల దగ్గరే తిరుగుతున్నారు. నేను కెమెరా డిపార్ట్‌మెంట్ మనిషిని, కాబట్టి ఆ వైపు నుంచి ఒక మాట. లియోనే సొంతం ఏది అంటే నేను మొదట చూపించేది ఆ ముఖాలే.

ఈ సినిమాకి పెట్టిన ఖర్చు రెండు లక్షల డాలర్ల పైచిలుకు. ఈస్ట్‌వుడ్‌కి ఇచ్చింది 15,000 డాలర్లు. ‘రాహైడ్’ టీవీ సీరియల్లో నటుడిగా తప్ప అప్పటికి ఆయనెవరో బయట పెద్దగా తెలియదు. హెన్రీ ఫోండా, జేమ్స్ కోబర్న్, చార్లెస్ బ్రాన్సన్‌లను అనుకుని కుదరక అక్కడిదాకా వచ్చారు. ఇంత తక్కువ డబ్బుతో వెడల్పాటి తెర సినిమా ఎలా తీశారంటే టెక్నిస్కోప్‌తో.

మామూలు 35 ఎంఎం ఫిల్మ్‌లో ఒక్కో ఫ్రేముకి పక్కనున్న రంధ్రాలు నాలుగు జరుగుతాయి. టెక్నిస్కోప్‌లో రెండే జరుగుతాయి. అంటే అదే ఫిల్ముతో రెట్టింపు సేపు తీయొచ్చు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలకి బదులు ఇరవై రెండు నిమిషాలు వస్తుంది. ఫ్రేము ఎత్తు సగమయ్యేసరికి బొమ్మ దానంతటదే వెడల్పుగా ఉంటుంది, షూటింగులో అనామార్ఫిక్ లెన్సుల (వెడల్పు బొమ్మని పక్కల నుంచి నొక్కి ఫిల్ముకెక్కించేవి) అవసరం లేదు. ఆ తర్వాత ల్యాబులో మామూలు స్కోప్ (వెడల్పు తెర) ప్రింటుగా మారుస్తారు. నెగెటివ్ చిన్నది కాబట్టి గ్రెయిన్ (బొమ్మ మీద చుక్కలు) ఎక్కువ కనిపిస్తుంది, అది దీని నష్టం.

లాభం ఎక్కడంటే, ఆ రోజుల్లో అనామార్ఫిక్ లెన్సుతో ముఖానికి బాగా దగ్గరికి వెళ్తే బొమ్మ సాగినట్టు వచ్చేది, ఫోకస్ నిలబెట్టడం నరకం. మామూలు లెన్సులకి ఆ బాధ లేదు. లియోనే, ఛాయాగ్రాహకుడు మాసిమో దల్లమానో కలిసి ముఖాల మీదికి వెళ్లిపోయారు. చెమట, గడ్డం, కంటి చివర ముడతలు. ముఖం తెర ఈ చివర, దాని వెనక ఊరి వీధి ఆ చివర, రెండూ స్పష్టంగా. హాలీవుడ్ వెడల్పు తెరని కొండలూ లోయలూ చూపించడానికి వాడుకుంది. లియోనే అదే తెరని రెండు కళ్లతో నింపాడు. ఖర్చు తగ్గించుకోవడానికి పట్టిన దారి శైలిగా మారింది. దల్లమానోయే తీసిన రెండో సినిమాలో, ఛాయాగ్రాహకుడు మారిన మూడోదాంట్లో (టొనీనో దెల్లి కొల్లి) ఇది ఎక్కడిదాకా పోయిందో తెలుసు కదా.

ఎర్రమట్టి గారు చెప్పిన ‘చెప్పకపోవడం’ నిలబడింది కూడా దీని మీదే. మాటలు తీసేశారు సరే, ఆ ఖాళీలో పెట్టడానికి ఒక ముఖం కావాలి. ఆ ముఖానికి అంత దగ్గరికి వెళ్లగలిగే లెన్సు కావాలి.

కురొసావా యోజింబోలో చేసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. దూరం నుంచి పొడుగు లెన్సులు పెట్టి వీధిని చదును చేసి, మనుషుల్ని గుంపులు గుంపులుగా అమర్చాడు. కదలిక అంతా శరీరాల్లో. సంజురో వేసిన మిఫునే భుజం ఎగరేస్తే చాలు, మనకి అర్థమవుతుంది. ఈస్ట్‌వుడ్ అసలు కదలడు. కథ ఒకటే, వ్యాకరణం వేరు.

---

మిఫునే_భక్తుడు

ఫోకస్‌పుల్లర్ గారూ, ఇది ఒప్పుకోదగ్గ మాట. మిఫునే గోక్కుంటూ, ఆవలిస్తూ, భుజాలు ఊపుకుంటూ నడుస్తుంటే ఒక జంతువు మన ముందు తిరుగుతున్నట్టుంటుంది. ఈస్ట్‌వుడ్‌ది నిశ్చలత. ఇందులో అనుకరణ లేదు.

---

కొమ్ముబూర

సంగీతం లేకుండా ఈ చర్చ ఇంతదూరం ఎలా వచ్చిందండీ!

ఎన్నియో మొర్రికోనే, లియోనే చిన్నప్పుడు ఒకే బడిలో ఒకే తరగతి పిల్లలు. ఈ సినిమా కోసం కలిశాకే ఆ సంగతి మళ్లీ గుర్తొచ్చింది. మొదటి పేర్లలో మొర్రికోనేకి ‘డాన్ సావియో’ అని వేశారు. లియోనే ‘బాబ్ రాబర్ట్‌సన్’. ఇటలీవాళ్లు తీసిన వెస్టర్న్ (కౌబాయ్ సినిమా) అంటే ఇటలీవాళ్లే చూడరన్న భయం. లియోనే పేరులో ఇంకో సంగతి ఉంది. వాళ్ల నాన్న మూకీల కాలంలో ‘రాబెర్తో రాబెర్తీ’ పేరుతో దర్శకుడు. అందుకే కొడుకు రాబర్ట్‌సన్ అయ్యాడు. వాళ్ల నాన్నకి అలా దండం పెట్టుకున్నాడనిపిస్తుంది నాకు.

పేర్లు పడేటప్పుడు వినిపించే ఆ బాణీ అసలు ఈ సినిమా కోసం పుట్టింది కాదు. వుడీ గత్రీ జానపద గీతం ‘పాశ్చర్స్ ఆఫ్ ప్లెంటీ’ని పీటర్ టెవిస్ అనే అమెరికన్ గాయకుడు ఇటలీలో రికార్డు చేసినప్పుడు మొర్రికోనే దానికి వాద్యాలు అమర్చాడు. కొరడా చప్పుడు, గంటలు, సుత్తి దెబ్బ. లియోనే అది విని, గొంతు తీసేసి మిగతాదంతా ఉంచమన్నాడు. పాడేవాడి స్థానంలో ఈల వచ్చింది. ఆ ఈల అలెసాండ్రో అలెసాండ్రోనిది. వెంట ఎలక్ట్రిక్ గిటార్, కోరస్. అంతకుముందు వెస్టర్న్ అంటే పెద్ద ఆర్కెస్ట్రా, మైదానాల మీద సూర్యోదయంలా వయొలిన్లు. ఇక్కడ ఒక్క మనిషి పెదాల మీది ఊపిరి. ఒంటరి మనిషికి ఒంటరి ఈల.

చివరి పోరాటం ముందు వచ్చే ట్రంపెట్ గురించి కూడా చెప్పాలి. లియోనేకి ‘రియో బ్రావో’ (1959) లో దిమిత్రీ త్యోమ్‌కిన్ వాడిన ‘దెగ్వెయో’ బాణీయే కావాలి. మొర్రికోనే కుదరదన్నాడు. తాను అంతకుముందు టీవీ నాటకాల కోసం రాసుకున్న ఒక జోలపాటను తీసి, మికేలె లాచెరెంజా చేత ట్రంపెట్ మీద మెక్సికన్ గమకాలతో వాయించాడు. పైకి చావు పాటలా వినిపిస్తుంది, లోపల ఉన్నది జోలపాట. తల్లీబిడ్డల్ని కలిపినవాడు చావుకెదురు నడుస్తుంటే వెనక జోలపాట వినబడుతోందన్నమాట. ఇది తెలిశాక ఆ సన్నివేశం నాకు ఇదివరకటిలా వినబడటం మానేసింది.

---

ఓరుగల్లు_పోరడు

కొమ్ముబూర అన్నా, జోలపాట ముచ్చట సూపర్. హెడ్‌ఫోన్లు పెట్టుకుని మళ్ల వింట.

---

కలంకారీ

ఇంతసేపు అందరూ ‘ఎవరో ఒకామె’, ‘ఆ తల్లి’ అంటూ అతని రహస్యం గురించే మాట్లాడుతున్నారు. ఆమె గురించి ఎవరూ మాట్లాడలేదు. మరిసోల్ వేసింది మరియన్నే కోహ్, జర్మన్ నటి, తర్వాత సినిమాలు మానేసి వైద్యం చదువు పూర్తిచేసి డాక్టర్ అయ్యారు. ఈ సినిమాలో ఆమెకి మాటలు దాదాపు లేవు. రోహో అన్నదమ్ముల్లో విలన్ రమోన్ ఇంట్లోంచి బాక్‌స్టర్ల ఇంటికి, అక్కణ్నుంచి బందీల మార్పిడిలో మళ్లీ రమోన్‌కి, ఇలా ఆమెని చేతులు మారుస్తారు. వీధి మధ్యలో ఆ మార్పిడి జరిగేటప్పుడు పిల్లాడు అమ్మా అంటూ పరిగెత్తుకొస్తాడు. నడవాల్సిన ఆ నాలుగడుగులూ ఆమె నడవలేదు. నా దృష్టిలో సినిమాలో అన్నిటికన్నా బలమైన సన్నివేశం అదే, తుపాకీ పేలదు కూడా.

అతని మౌనం మీకు గొప్పగా కనిపిస్తోంది. అది అతను ఎంచుకున్న మౌనం. ఆమె మౌనం ఆమె నోరు నొక్కేయడం వల్ల వచ్చింది. ఈ తేడా లియోనేకి తెలుసా? బావి దగ్గర కిటికీ మూసేసేటప్పుడు ఆమె చూసిన చూపులో తెలుసనిపిస్తుంది. సహాయం అడగదు, నువ్వూ అలాంటివాడివే అని తలుపు వేసుకుంటుంది. మిగతా సినిమా అంతా ఆ చూపుకి అతను ఇచ్చే జవాబేమో.

ఇంకో స్త్రీ కన్‌స్వేలో బాక్‌స్టర్. షెరీఫ్ బిళ్ల మొగుడి చొక్కాకి ఉంది, ఇంట్లో మాట చెల్లేది ఈమెది. మార్గరీతా లొజానో ఎంత బాగా చేశారో. ఇల్లు తగలబడుతుంటే బయటికొచ్చి, చచ్చిన కొడుకునీ మొగుణ్నీ చూసి రోహోలని శపిస్తూ చచ్చిపోతుంది. నవ్వుతూ చంపుతారు. ఆ నవ్వులు విన్నప్పుడు నాకు ఈ సినిమా వినోదంగా అనిపించదు.

---

ఎర్రమట్టి

కలంకారీ గారూ, ‘ఆ చూపుకి జవాబు’ అన్న మాట నేను వెతుకుతున్న మాట. నా మొదటి పోస్టుకి ఇది జత చేస్తున్నా.

ఆ కుటుంబం పేర్లు చూడండి. తల్లి మరిసోల్, పిల్లాడి పేరు హెసూస్, అంటే యేసు. వాళ్లని వెంటాడే, పసి యేసుని చంపించబోయిన రాజు హేరోదులాంటి రమోన్. రాత్రికి రాత్రి సరిహద్దు దాటి పారిపోవడం. గాడిద కూడా ఉంది, పరాయివాడి కింద. రోమ్‌లో పుట్టి పెరిగిన లియోనే క్రైస్తవ పటాలన్నీ ఎడారికి తెచ్చాడు. కురొసావాలో ఈ పొర లేదు.

---

పాతరీలు

మనవాళ్ల సంగతి కూడా ఒక మాట. 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చింది. కృష్ణ, విజయనిర్మల, నాగభూషణం. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం, రచన ఆరుద్ర, ఛాయాగ్రహణం వి.ఎస్.ఆర్. స్వామి. రాజస్థాన్ ఎడారికెళ్లి తీశారు. మా ఊరి టూరింగ్ టాకీసులో చూసినప్పుడు తెలుగు తెర మీద ఇలాంటి దుమ్ము, ఇలాంటి గుర్రాలు ఉంటాయని మాకెవరికీ ఊహ లేదు. అప్పటికి లియోనే పేరే తెలియదు మాకు. 2023 మే 31న కృష్ణగారి జయంతికి 4కేలో మళ్లీ విడుదల చేశారు, మనవళ్లతో వెళ్లి చూశాను.

దాని మూలాలు ఎక్కువగా లియోనే రెండో, మూడో సినిమాల్లో ఉన్నాయి, దీనిలో కాదు. కానీ ఎర్రమట్టి లేవనెత్తిన విషయానికి పనికొస్తుంది. మన కౌబాయ్‌కి కృష్ణప్రసాద్ అని పేరుంది, జోడీ ఉంది, ఆదినారాయణరావు గారి పాటలున్నాయి. నాగభూషణం ‘నక్కజిత్తుల నాగన్న’గా నవ్వించి చంపేశారు. ఆరుద్ర గారు కథని మన నేల మీదికి, ఇంగ్లీషువాళ్ల కాలానికి తెచ్చారు. బట్టలు, గుర్రాలు, క్లోజప్పులు ఇటలీవి. పేరూ ఊరూ లేని మౌనిని మాత్రం తెచ్చుకోలేదు. మన ప్రేక్షకుడికి హీరో ఎవరి బిడ్డో తెలియాలి. తర్వాత ‘కొదమసింహం’ (1990), ‘టక్కరి దొంగ’ (2002) వచ్చినా ఆ మౌని మాత్రం రాలేదు. నాకు అది లోటుగా అనిపించదు. మనవాళ్లు తమకి కావలసింది తీసుకున్నారు, అక్కర్లేనిది వదిలేశారు. లియోనే కురొసావా దగ్గర చేసింది కూడా అదే కదా.

---

మిఫునే_భక్తుడు

పాతరీలు గారూ, నమస్కారం. మీ మాట మీద గౌరవంతోనే ఒకటి అంటాను. లియోనే వదిలేసినదాంట్లో అక్కర్లేనిది కాక, అసలైనది ఉంది.

‘యోజింబో’ 1860 ప్రాంతంలో జరుగుతుంది. జపాన్‌ని ఏలిన తొకుగవా వంశపు పాలన కూలిపోతున్న కాలం. సమురాయ్‌లకి యజమానులు లేరు, డబ్బున్న వర్తకుడు రాజ్యమేలుతున్నాడు. ఊళ్లో అందరి చేతుల్లోనూ కత్తులు. ఒక్క విలన్ ఉనొసుకే చేతిలో పిస్తోలు. నకదాయ్ ఆ పాత్రలో దాన్ని కిమోనోలోంచి తీసి చూపిస్తుంటే, పడమటి నుంచి వచ్చిన ఆ ఇనుప ముక్క ముందు సంజురో కత్తికి కాలం చెల్లిందని తెలుస్తుంది. ఒక యుగం చచ్చిపోతున్నది కళ్లముందు కనబడుతుంది. చావబోతూ కూడా ఆ పిస్తోలు చేతిలో లేకపోతే నగ్నంగా ఉన్నట్టుందని దాన్ని అడుక్కుంటాడు ఉనొసుకే.

లియోనేలో ఏముంది? పిస్తోలుకి ఎదురుగా రైఫిల్. రెండూ తుపాకులే. పందెం తప్ప చరిత్ర ఏదీ? గొప్ప పందెమే, కాదనను.

---

ఎర్రమట్టి

మిఫునే గారూ, ఇంతవరకు వచ్చిన అభ్యంతరాల్లో బరువైనది ఇదే. చరిత్ర పోయిందన్నది నిజం. దాని చోట ఏం పెట్టాడో చూద్దాం.

రమోన్ ముందే చెబుతాడు, పిస్తోలువాడు రైఫిల్‌వాడికి ఎదురుపడితే పిస్తోలువాడే చస్తాడని. తన ఇంట్లో పాతకాలపు ఇనుప కవచానికి గురిపెట్టి గుండె దగ్గరే గుళ్లన్నీ దించుతాడు. పరాయివాడు చూస్తాడు, ఏమీ అనడు. తర్వాత ఇతన్ని చావగొడతారు. పిరిపెరో శవపేటికలో పెట్టి ఊరు దాటిస్తాడు. గనిలో దాక్కుని, వాచిన చేత్తో తుపాకీ పట్టడం మళ్లీ నేర్చుకుంటాడు, ఇనుప రేకు ఒకటి చేసుకుంటాడు. సారాకొట్టు సిల్వానీతోని వీధిలో వేలాడదీశారని తెలిసి తిరిగొస్తాడు. డైనమైట్ పొగలోంచి నడుచుకుంటూ వస్తాడు. రమోన్ కాలుస్తాడు, పడతాడు, లేస్తాడు. గుండెకి కొట్టు రమోన్, గుండెకి కొట్టకపోతే నన్ను ఆపలేవు అంటాడు. మళ్లీ పడతాడు, మళ్లీ లేస్తాడు. రైఫిల్ ఖాళీ అయ్యాక పోంచో ఎత్తి ఆ రేకు తీసి పడేస్తాడు.

‘యోజింబో’లో ఈ రేకు లేదు. సంజురో ఆకు మీద కత్తి విసరడం సాధన చేసి, ఆ కత్తి విసిరి పిస్తోలు చెయ్యి పడగొడతాడు. అది నేర్పు. ఇక్కడ జరిగేది నేర్పుకి ముందు ఇంకోటి. శవపేటికలో వెళ్లినవాడు తిరిగొచ్చాడు, ఎన్ని గుళ్లు దిగినా చావట్లేదు. రమోన్ ముఖంలో గర్వం పోయి భయం ఎలా వస్తుందో జాన్ మరియా వొలొంతే ఎంత మెల్లగా చూపిస్తారో చూడండి. తన గురి మీద తనకున్న నమ్మకమే తన చావుకి దారి. కురొసావా యుగాంతాన్ని తీశాడు, లియోనే పునరుత్థానాన్ని తీశాడు.

ఇక చరిత్ర పూర్తిగా పోలేదు కూడా. రమోన్ అమెరికన్ సైనికుల దుస్తులు తొడిగించి, నది ఒడ్డున మెక్సికన్ సైనికుల్ని మెషీన్‌గన్‌తో కోసి బంగారం ఎత్తుకుపోతాడు. బాక్‌స్టర్ షెరీఫ్ బిళ్ల చూపిస్తే, షెరీఫువైతే ఈ శవాలు పూడ్చే పని చూసుకో అంటాడు పరాయివాడు. యూనిఫారం, బిళ్ల, జెండా, ఏదీ నమ్మదగ్గది కాదు. ముస్సోలినీ పాలనలో పెరిగిన లియోనేకి ఆ మాట ఊరికే రాలేదనుకుంటాను.

---

ఓరుగల్లు_పోరడు

‘బ్యాక్ టు ద ఫ్యూచర్’ మూడో భాగంల మార్టీ ఇనుప రేకు పెట్టుకునేది గిక్కడికెళ్లేనా! రెండో భాగంల బిఫ్ టబ్బుల కూసొని చూసేది కూడా ఈ సిన్మానే. ఇన్నేండ్లు నాకు ఎలగలె.

---

స్పెయిన్‌లో_తెలుగోడు

చదువుతూ కూర్చున్నా, ఒక్క విషయం జత చేయాలనిపించింది. ఈ ‘మెక్సికో’ అంతా స్పెయిన్. ఊరి సెట్టు మాడ్రిడ్ దగ్గర ఓయో దె మన్సానారెస్‌లో, ఎడారి దక్షిణాన అల్మెరియాలో. లోపలి సన్నివేశాలు రోమ్‌లోని చినెచిత్తా స్టూడియోలో. ఇటలీ, స్పెయిన్, పశ్చిమ జర్మనీ నిర్మాతలు కలిసి తీశారు.

అల్మెరియా దగ్గర తబెర్నాస్ ఎడారికి వెళ్లాను. యూరప్‌లో అంత పొడినేల అరుదు. కొండలు వానకి కోసుకుపోయి, మట్టి బూడిద రంగులో, గొంతు ఆరిపోయే గాలి. మా రాయలసీమ గుర్తొచ్చింది. ఆ తర్వాత సినిమాలకి వేసిన సెట్లని ఇప్పుడు పర్యాటకులకి చూపిస్తున్నారు, కౌబాయ్ ఆటలు ఆడిస్తారు. నేను మాత్రం దాని బయట, రోడ్డు వదిలి, ఎండిన వాగులోకి దిగి నడిచాను. ఎండకి కళ్లు చికిలించకుండా నడవలేం. ఈస్ట్‌వుడ్ కళ్లు అలా ఎందుకుంటాయో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

---

ఓరుగల్లు_పోరడు

అన్నలూ, అక్కా, ఒక సలహా గావాలె. మా తమ్మునికి చూపిస్త. ఇంగ్లిష్‌ల చూడాల్నా, ఇటాలియన్‌ల చూడాల్నా? పెదాలు కలుస్తలేవని వాడు లొల్లి పెడ్తడు.

---

ఫోకస్‌పుల్లర్

ఏ భాషలో చూసినా పెదాలు అందరివీ కలవవు తమ్ముడూ. సెట్లో ఎవరి భాషలో వాళ్లు మాట్లాడారు, శబ్దం మొత్తం తర్వాత స్టూడియోలో వేసిందే. కానీ దాని లాభం వినమను మీ తమ్ముణ్ని. గాలి, అడుగులు, తలుపు కిర్రుమనడం, అన్నీ ఏరి ఏరి పెట్టినవి. ఒక్కో చప్పుడూ కావాలని ఉంది.

ఇటాలియన్‌లో ఈస్ట్‌వుడ్‌కి ఎన్రికో మరియా సలెర్నో గొంతిచ్చారు, గంభీరమైన రంగస్థల గొంతు. ఇంగ్లిష్‌లో ఈస్ట్‌వుడ్ సొంత గొంతు, దాదాపు గుసగుస. నేనైతే మొదటిసారికి ఇంగ్లిష్ చూపిస్తాను. ఆ గుసగుస లేకపోతే జో సగమే.

---

కలంకారీ

టీవీ సన్నివేశం ఉన్న కాపీ మాత్రం మొదట చూపించకండి.

---

మిఫునే_భక్తుడు

ముందు ‘యోజింబో’ చూపించు తమ్ముడూ. ఇది నా పంతం కాదు. అది చూశాక దీంట్లో ఎర్రమట్టి గారూ ఫోకస్‌పుల్లర్ గారూ చెప్పినవి ఇంకా బాగా కనబడతాయి. ముఖాలు, ఈల, ఇనుప రేకు లియోనేవేనని నేనూ అంటాను. ఆ ఒక్క వాక్యం మీద మాత్రం నా మాట నాదే. చెప్పకుండా ఉండగలిగితే అసలే చెప్పకూడదు.

---

ఎర్రమట్టి

దానికి రెండో సినిమాలో లియోనేనే జవాబిచ్చాడని నా నమ్మకం. ‘ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్’ (1965) లో గతం, పగ, చచ్చిపోయిన చెల్లెలు, ఆ పాట గడియారం, అన్నీ ఉన్నాయి. కానీ వాటిని ఈస్ట్‌వుడ్‌కి ఇవ్వలేదు, పక్కన లీ వాన్ క్లీఫ్ వేసిన కల్నల్ మోర్టిమర్‌కి ఇచ్చాడు. కారణమున్నవాడు, కారణం తెలియనివాడు పక్కపక్కన నడుస్తారు. చివర్లో బహుమతి డబ్బులో వాటా వద్దని వెళ్లిపోయేది మోర్టిమర్. బండి మీద శవాలు పేర్చి, తలకింత అని లెక్క కట్టుకుంటూ ఉండిపోయేది మన పరాయివాడు.

---

మిఫునే_భక్తుడు

అది వేరే థ్రెడ్‌కి సరిపడా ఉంది. వేయండి, వస్తాను.